పల్లెలో నెట్ పెట్టించుకోవాలంటే: ఫైబర్, ఎయిర్‌ఫైబర్, సిమ్, శాటిలైట్‌లో ఏది ఎవరికి

పల్లెలో నెట్ పెట్టించుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. లైను తెగిన రోజు నిచ్చెన పట్టుకుని వచ్చే మనిషి ఎవరు, ఏ ఊరి నుంచి రావాలి? స్పీడు, రేటు, ఉచిత ఓటీటీలు ఆ తర్వాతి మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక కంపెనీ నచ్చకపోతే వారం తిరక్కుండా ఇంకొకటి పెట్టించుకోవచ్చు. మండల కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో ఆ వెసులుబాటు ఉండదు. ఉన్న రెండు మూడింట్లో తప్పుడుది ఎంచుకుంటే ఆరు నెలలకని ముందే కట్టేసిన డబ్బు ఇరుక్కుపోతుంది, పిల్లల క్లాసులు పోతాయి, మీసేవ నడుపుకునేవాళ్లకైతే ఆ రోజు సంపాదనే పోతుంది.

తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇప్పుడు దొరికేవాటిని ఈ ఒక్క కొలతతో పోల్చి చూద్దాం.

మీ ఇంటికి ఎంత కావాలి

మన దేశంలో 2 ఎంబీపీఎస్ దాటితే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు. 2023 దాకా ఈ హద్దు 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్ మాత్రమే. చట్టం లెక్కకు అది సరిపోతుందేమో గానీ ఇంటి లెక్కకు సరిపోదు. ఒక వీడియో క్లాస్ మంచి క్వాలిటీతో ఆగకుండా నడవాలంటే 3, 4 ఎంబీపీఎస్ కావాలి. హెచ్‌డీ సినిమాకి 5 దాకా కావాలి. నలుగురున్న ఇంట్లో అందరూ ఒకేసారి వాడినా 30 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. 100, 200 ఎంబీపీఎస్ ప్లాన్లు అమ్మేవాళ్లకు లాభం. పల్లె ఇళ్లలో చాలావాటికి వాటి అవసరం లేదు.

ఇంకో చిన్న లెక్క. ప్లాన్‌లో రాసేది ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), ఫోన్‌లో డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనబడేది ఎంబీ (మెగాబైట్లు). ఆ రెంటికీ ఎనిమిది రెట్ల తేడా. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 5 ఎంబీ వస్తుంటే కంపెనీ మోసం చేయట్లేదు, రావాల్సిందే వస్తోంది.

స్పీడు కంటే ముందు చూడాల్సింది నెలకు ఎన్ని జీబీ ఇస్తున్నారన్నది. నెలకు 1000 జీబీ అంటే రోజుకు 33 జీబీ. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ తిన్నా పదకొండు గంటలు నడుస్తుంది. మొబైల్ ప్యాక్‌లో వచ్చే రోజుకు 1.5 జీబీ అయితే గంట, గంటన్నర క్లాస్‌తోనే అయిపోవచ్చు. డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద సంసారం నడవకపోవడానికి కారణం ఇదే.

ఫైబర్ వస్తుంటే ఫైబరే

ఇందులో నాకు సందేహం లేదు. మీ వీధిలోకి ఫైబర్ వస్తుంటే, దాన్ని చూసుకునే మనిషి దగ్గర్లో ఉంటే, మిగతావన్నీ పక్కన పెట్టండి.

ఎందుకో అది పని చేసే తీరు చూస్తే తెలుస్తుంది. మండలంలోనో పక్క పెద్ద ఊళ్లోనో ఒక గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. అక్కడి నుంచి వెంట్రుకంత గాజు పోగు బయల్దేరి, దారిలో స్ప్లిటర్ల దగ్గర చీలి, మీ ఇంటి గోడ మీది పెట్టెలోకి వస్తుంది. ఆ పోగు 20 కిలోమీటర్ల దాకా తేలిగ్గా పోతుంది. మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. అంటే ఓఎల్‌టీ ఉన్న గదిలో బ్యాటరీ, మీ ఇంట్లో రౌటర్‌కు బ్యాకప్, ఈ రెండూ ఉంటే మధ్య ఊళ్లన్నీ చీకట్లో ఉన్నా నెట్ వస్తుంది. రౌటర్‌కు పెట్టుకునే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు బజార్లో దొరుకుతాయి. కోతలుండే ఊళ్లో ప్లాన్ పెంచుకోవడం కంటే ముందు అది కొనండి.

ఇక ఎవరి ఫైబర్ అన్నది అసలు ప్రశ్న. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ అనగానే ప్రభుత్వ ఉద్యోగి వచ్చి వేస్తాడని చాలామంది అనుకుంటారు. పల్లెల్లో ఇంటింటికీ వైరు లాగి, రిపేరు చూసేది చాలాచోట్ల వాళ్లతో ఆదాయం పంచుకునే లోకల్ పార్ట్‌నర్. రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్ కూడా కేబుల్ ఆపరేటర్ చేతి మీదుగానే వస్తుంది. కాబట్టి మీరు కంపెనీని ఎంచుకుంటున్నట్టు కనబడినా నిజానికి ఎంచుకునేది ఆ లోకల్ మనిషిని. కస్టమర్ కేర్‌లో ఎంత మర్యాదగా మాట్లాడినా స్తంభం ఎక్కేది అతనే.

అతని గురించి తెలుసుకోవడానికి నాలుగు ఇళ్లు తిరిగితే చాలు. మొన్నటి గాలివానకు లైను పోయినప్పుడు ఎన్ని రోజులకు బాగు చేశాడు? ఫోన్ ఎత్తుతాడా? అతని దగ్గర స్ప్లైసింగ్ మెషిన్ ఉందా, లేక ప్రతిసారీ టౌన్ నుంచి తెప్పించాలా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది, చాలా పెద్దది. ఫైబర్ తెగితే రాగి తీగలాగా మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు. రెండు కొసల్నీ శుభ్రంగా చెక్కి, సరిగ్గా కోసి, మెషిన్‌లో పెట్టి వేడితో కరిగించి అతకాలి. మెషిన్ చేతిలో ఉంటే అతకడం కొద్ది నిమిషాల పని. లేనివాళ్లు పైపైన కనెక్టర్ బిగించి పోతారు. అలాంటి జాయింట్లు పెరిగేకొద్దీ వెలుతురు బలం తగ్గి, వానాకాలంలో మాటిమాటికీ ఆగుతుంది.

కనెక్షన్ ఇచ్చే రోజు దగ్గరుండి ఒక పని చేయించుకోండి. వచ్చిన కుర్రాణ్ణి తీగలో వెలుతురు బలం కొలిచే పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే ఆ లైను ఇవాళ నడిచినా రేపు మొరాయిస్తుంది, అప్పుడే సరిచేయించుకోవాలి. ఆ అంకెను ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది. పెట్టె మీద లాస్ అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైటు వెలిగితే మీ రౌటర్‌లో లోపం వెతకొద్దు, తీగ ఎక్కడో తెగింది లేదా మడత పడింది. అలమరా తలుపు సందులో వైరు నలిగినా అదే ఎర్ర లైటు వస్తుంది, ముందు ఇంట్లో చూసుకుని ఆ తర్వాత ఫోన్ చేయండి.

గాల్లో వచ్చే తీగ, నేలలో వచ్చే తీగ

ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్ తీగ ఎక్కువ భాగం కరెంటు స్తంభాల మీదుగా పోతుంది. అలా వేయబట్టే తక్కువ ఖర్చుతో, తొందరగా వేయగలిగారు. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానళ్లు, ఫోన్ కలిపి ఇస్తామన్నారు. ఇప్పటికీ ఆ 149 గుర్తు పెట్టుకుని అడిగేవాళ్లున్నారు. ప్యాకేజీలు ఆ తర్వాత పెరిగాయి, ఇవాళ్టి రేటు ఆపరేటర్‌నే అడగండి. ఒకే పెట్టెలో టీవీ కూడా వస్తుంది కాబట్టి విడిగా కేబుల్ బిల్లు కడుతున్న ఇంటికి ఇప్పటికీ కలిసొచ్చే బేరమే.

తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ వేరే దారి పట్టింది. మిషన్ భగీరథ మంచినీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేశారు. 2024 డిసెంబర్‌లో కొన్ని గ్రామాల్లో ఇళ్లకు సేవలు పైలట్‌గా మొదలుపెట్టారు. మీ పంచాయతీ దాకా తీగ వచ్చినంత మాత్రాన మీ ఇంటికి కనెక్షన్ దొరుకుతున్నట్టు కాదు. కార్యదర్శిని అడిగితే ఊళ్లో ఇళ్లకు ఇస్తున్నారో లేదో తెలుస్తుంది.

ఈ రెండు పద్ధతులకూ వేర్వేరు శత్రువులు. స్తంభాల మీది తీగకు గాలి, గడ్డి మోపులు ఎత్తుగా కట్టుకుపోయే ట్రాక్టర్లు, వీటికి తోడు కోతులు. 2018లో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం ఉద్దానంలో స్తంభాలు వేలల్లో కూలాయి. స్తంభం కూలితే దాని మీద ఉన్నదంతా కూలుతుంది. ఒకటి మాత్రం మేలు, ఎక్కడ తెగిందో కంటికి కనబడుతుంది. నేలలోని తీగకు జేసీబీ శత్రువు. రోడ్డు వెడల్పు, మురుగు కాలువ, పైపు లీకేజీ పేరుతో ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు. ఒకసారి తెగితే ఎక్కడన్నది వెతకడానికే సమయం పడుతుంది. తవ్వే ముందు తీగల యజమానులకు తెలియజేయడానికి కేంద్రం 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చింది. మీ ఊళ్లో పని చేసే కాంట్రాక్టర్‌ను దాని గురించి అడిగే హక్కు పంచాయతీకి ఉంది, అడగాలి.

తీర ప్రాంతంలో ఉండి నేల తీగ, గాలి తీగ రెండూ అందుబాటులో ఉంటే నేను నేల తీగకే మొగ్గుతాను. లోపలి జిల్లాల్లో అయితే తీగ రకం కంటే దాన్ని చూసుకునే మనిషే ముఖ్యం.

ఎయిర్‌ఫైబర్: తీగ రాని ఊరికి

జియో ఎయిర్‌ఫైబర్, ఎయిర్‌టెల్ ఎక్స్‌స్ట్రీమ్ ఎయిర్‌ఫైబర్ రెండూ 2023లో మొదలయ్యాయి. మేడ మీద ఒక పెట్టె బిగిస్తారు, అది దగ్గర్లోని 5జీ టవర్ నుంచి సిగ్నల్ తీసుకుని కిందికి వైరు ద్వారా రౌటర్‌కు ఇస్తుంది. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి వచ్చేది సిగ్నలే. వీధిలో తీగ తెగే టెన్షన్ లేదు, రెండు గంటల్లో బిగించి వెళ్లిపోతారు. తీగ లాగడం గిట్టుబాటు కాని పది ఇళ్ల గూడేనికి కూడా టవర్ దగ్గరుంటే ఇది అందుతుంది, ఈ మేలును తక్కువ చేయలేం.

ఇబ్బంది సాయంత్రం ఏడు తర్వాత తెలుస్తుంది. ఒక టవర్ సామర్థ్యాన్ని ఊరంతా పంచుకుంటుంది. అందరూ ఫోన్లు, టీవీలు తెరిచే వేళ స్పీడు పడిపోతుంది. కరెంటు పోయినప్పుడు టవర్ బ్యాటరీ ఎంతసేపు ఉంటుందన్నది కూడా మీ చేతిలో లేదు. ప్రస్తుతం కోతలప్పుడు మీ ఫోన్‌లో సిగ్నల్ పోతోందా లేదా అన్నది గమనిస్తే జవాబు దొరికినట్టే.

రేటు పోల్చేటప్పుడు జీఎస్టీ కలపడం మరిచిపోవద్దు. జియో ఫైబర్‌లో 30 ఎంబీపీఎస్ ప్లాన్ 399తో వచ్చింది, 18 శాతం పన్ను కలిపితే 471. అదే స్పీడు ఎయిర్‌ఫైబర్‌లో 599తో వచ్చింది, పన్నుతో 707. పైగా ఫైబర్‌లో నెలకు 3300 జీబీ దాకా ఇస్తే ఎయిర్‌ఫైబర్‌లో 1000 జీబీ. రేట్లు మారుతుంటాయి, తేడా మాత్రం ఇదే దిశలో ఉంటుంది. హద్దు దాటాక స్పీడు ఎంతకు పడిపోతుందో కూడా అడగండి. కొన్ని ప్లాన్లలో మామూలు పనులకు సరిపడా మిగులుతుంది, కొన్నింట్లో వాట్సాప్ కూడా కష్టమవుతుంది.

ఎయిర్‌ఫైబర్ తీసుకునేముందు అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోన్‌తో మేడ మీద నిలబడి రాత్రి ఎనిమిదికి, పొద్దున ఆరుకు స్పీడు చూడండి. రెండింటికీ మధ్య తేడా విపరీతంగా ఉంటే ఏడాది ప్లాన్ కట్టొద్దు. ఎన్ని ఆఫర్లు చెప్పినా సరే.

సిమ్, డాంగిల్

ఒక్కరో ఇద్దరో ఉండే ఇంటికి, సెలవులకు మాత్రమే ఊరెళ్లేవాళ్లకు ఫోన్‌లో సిమ్, లేదా సిమ్ వేసుకునే చిన్న డాంగిల్ చాలు. ఇంతకు మించి దీని గురించి చెప్పేది లేదు, ఒక్క సలహా తప్ప. ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. ఫైబర్ ఉన్న ఇంటికి కూడా అదే తెగిన రోజు ఆసరా.

శాటిలైట్: ఎవరికి, ఎప్పుడు

పాడేరు, చింతపల్లి వైపు కొండల మీది ఊళ్లకు, ఆదిలాబాద్ అడవుల్లోని గూడేలకు తీగ పోదు, టవర్ సిగ్నల్ కొండ చాటున ఆగిపోతుంది. వాళ్లకు శాటిలైట్ నిజంగా పనికొచ్చే దారి. పాత పద్ధతి శాటిలైట్లు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మాట పోయి జవాబు రావడానికి అర సెకను పైగా పడుతుంది, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. స్టార్‌లింక్ లాంటివి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో కేంద్ర టెలికాం శాఖ లైసెన్స్ ఇచ్చింది. శాటిలైట్ నెట్ కంపెనీలే అయిన వన్‌వెబ్‌కు, జియో ఎస్‌ఈఎస్‌కు అంతకు ముందే వచ్చాయి.

లైసెన్స్ వచ్చింది కదా అని వాట్సాప్‌లో తిరిగే అడ్వాన్స్ బుకింగ్ లింకులకు డబ్బు కట్టొద్దు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్‌కు అమ్ముతున్నట్టు కనబడితేనే నమ్మండి. డిష్ ఖర్చు ఒక కుటుంబానికి భారమే. బడికో, ఆస్పత్రికో, పది ఇళ్ల ఉమ్మడి వైఫైకో పెడితే అర్థముంటుంది. తీగ అందే ఊళ్లో ఉన్నవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.

ఊరంతటికీ అయితే

పంచాయతీ కార్యాలయంలో గోడకు ఒక పెట్టె బిగించి, లైట్లు వెలగకుండా ఉండటం చాలా ఊళ్లలో చూసే ఉంటారు. అది భారత్‌నెట్. 2011లో ఆమోదం పొందిన ఈ పథకం దేశంలో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీసుకెళ్లాలని మొదలైంది. తొలి దశలో తీగను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వరసగా పట్టుకుపోయారు, మధ్యలో ఒకచోట తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోయేవి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన పథకంలో తీగను వలయంగా తిప్పుతున్నారు, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. నిర్వహణను బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించారు. వేసిన తీగను చూసుకునే మనిషి లేకపోతే కోట్లు పెట్టినా పెట్టె వెలగదని ఇన్నేళ్ల అనుభవం ప్రభుత్వానికే నేర్పింది. సర్పంచ్, వార్డు మెంబర్లు ఆ పెట్టె ఎందుకు వెలగట్లేదో రాతపూర్వకంగా అడగాలి. బడికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దాని నుంచే లైను రావచ్చు.

ఇంటికి నెలకు నాలుగైదు వందలు పెట్టలేని కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాళ్లకు ఇళ్ల కనెక్షన్ గురించి చెప్పడం కంటే పీఎం-వాణి గురించి చెప్పాలి. 2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన ఈ పద్ధతిలో కిరాణా కొట్టో, టీ కొట్టో తన ఫైబర్ కనెక్షన్‌తో వైఫై పెట్టి, చిన్న చిన్న కూపన్లుగా అమ్ముకోవచ్చు. లైసెన్స్ అక్కర్లేదు. కంపెనీలు ఈ కొట్లకు మామూలు ఇళ్ల కనెక్షన్ కంటే ఎన్నో రెట్లు వసూలు చేస్తుండటంతో 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ హద్దు పెట్టింది. 200 ఎంబీపీఎస్ లోపు కనెక్షన్‌కు ఇంటి ప్లాన్ ధరకు రెండు రెట్లు మించకూడదు. మండలంలో ఎవరైనా కొట్టు నడుపుకుంటూ అదనపు ఆదాయం చూస్తుంటే ఇది ఆలోచించదగ్గది. పక్కింటికి ఊరికే వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి డబ్బు తీసుకోవడం మాత్రం చేయొద్దు. ఆ లైనులో ఎవరు ఏం చేసినా పోలీసులు మొదట వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ ఇంటికే.

ఎవరికి ఏది

మీసేవ, ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాళ్లు ఫైబర్ పెట్టుకుని, ఇంకో కంపెనీ సిమ్‌తో బ్యాకప్ ఉంచుకోవాలి. ఒకే లైనును నమ్ముకుని దుకాణం తెరవొద్దు. ఇంటి నుంచి కంపెనీ ఉద్యోగం చేసేవాళ్లకు కూడా ఇదే, వాళ్లు అప్‌లోడ్ స్పీడు కూడా అడిగి తీసుకోవాలి. పొలం దగ్గర మోటార్‌కో, కోళ్ల ఫారానికో సీసీ కెమెరా పెట్టుకునే రైతు ఫైబర్ కోసం చూడనక్కర్లేదు, 4జీ సిమ్ వేసుకునే కెమెరాలు వస్తున్నాయి. చదువుకునే పిల్లలున్న ఇంటికి ఫైబర్, అది లేకపోతే మేడ మీద పరీక్షించాక ఎయిర్‌ఫైబర్. పెద్దవాళ్లు మాత్రమే ఉండి, అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడే ఇంటికి అన్నిటికంటే చిన్న ఫైబర్ ప్లాన్ చాలు. పిల్లలు అక్కడి నుంచి ఏడాదికి ఒకేసారి కట్టేస్తుంటారు. అలా కాకుండా మొదటి మూడు నెలలు నెలనెలా కట్టి, లైను నిలకడ చూశాకే ఏడాదికి కట్టండి. కేబుల్ ఆపరేటర్ ఫోన్ నంబర్‌ను పెద్దక్షరాలతో రాసి రౌటర్ పక్కనే అంటించండి.

డబ్బు కట్టేముందు మూడు విషయాలు రాతలో తీసుకోండి. రౌటర్ మీదా, అద్దెదా? కనెక్షన్ తీసేస్తే డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? ఇన్‌స్టలేషన్ ఉచితం కావాలంటే ఎన్ని నెలలు కట్టాలి?

లైను పోయినప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఊరుకోవద్దు. కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి, అది లేకపోతే మీ ఫిర్యాదు లేనట్టే లెక్క. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. అప్పీలులోనూ పని కాకపోతే కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖకు రాయొచ్చు, డాకెట్ నంబర్, తేదీలు అందులో పెట్టాలి. ఒకే స్ప్లిటర్ మీద ఉన్న ఇళ్లవాళ్లంతా ఎవరి నంబర్‌తో వాళ్లు ఫిర్యాదు పెడితే, తప్పు ఒక ఇంటిది కాదు మొత్తం లైనుదని కంపెనీకి వెంటనే అర్థమవుతుంది, మనిషిని పంపేది కూడా అప్పుడే.